ఎర్రనీళ్ల నుంచి బంక దాకా: గుంటూరులో ఒక మిసెల్ ప్రాజెక్టు డైరీ

నవంబరు 24

ఈ ఏడాది డిగ్రీ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు నా వంతు వచ్చినవాళ్లు ఇద్దరు. అబ్బాయిది గుంటూరే, కొత్తపేట. అమ్మాయిది దుగ్గిరాల పక్క పల్లె. ఇంట్లో పండిన పసుపు అక్కడి యార్డుకే తోలతారు. అంశం ఏం తీసుకుందామని అడిగితే ఆ అమ్మాయి ఎదురు ప్రశ్న వేసింది: "మేడమ్, మా అమ్మ పళ్లెంలో పసుపు, సున్నం కలిపి ఎర్రనీళ్లు చేసి దిష్టి తీస్తుంది. కాసేపు ఆగితే పసుపు అడుగున మట్టిలా పేరుకుంటుంది. దానిని నీళ్లలో నిలబెట్టలేమా?"

నిలబెట్టవచ్చు. సబ్బు జాతి పదార్థం ఏదైనా సరే, నీళ్లలో ఒక మోతాదు దాటితే దాని అణువులు గుంపు కడతాయి. నీటిని ఇష్టపడే తలలు బయటికి, నూనెను ఇష్టపడే తోకలు లోపలికి. ఆ గుంపే మిసెల్. నీళ్లకు గిట్టని పసుపు రంగు, అంటే కర్క్యుమిన్, ఆ గుంపులో తలదాచుకుంటుంది. పుస్తకాల్లో ఉన్న సంగతే కాబట్టి ఇంతవరకే అయితే ప్రాజెక్టు అవసరం లేదు. లోపలికి వెళ్లిన అణువు ఎక్కడ కూర్చుంటుంది, మిసెల్ దానిని ఏం చేస్తుంది, అది మిసెల్‌ను ఏం చేస్తుంది అనేవి మన దగ్గరున్న కలరిమీటరు, కండక్టివిటీ మీటరు, కళ్లు పెట్టి ఎంతవరకు చూడగలం? దీని మీద పని చేద్దామనుకున్నాం.

సరుకు: సోడియం డోడెసైల్ సల్ఫేట్ (ఇకపై ఎస్‌డీఎస్; తలకు రుణావేశం), సీటాబ్ (సీటైల్ ట్రైమిథైల్ అమ్మోనియం బ్రోమైడ్; తలకు ధనావేశం), ట్వీన్ 80 (ఆవేశం లేదు). పసుపు కొమ్ములు అమ్మాయి ఇంటి నుంచి.

నవంబరు 28

మొదటి పని ఎస్‌డీఎస్‌కు సందిగ్ధ మిసెల్ గాఢత, అంటే గుంపు కట్టడం మొదలయ్యే మోతాదు, కనుక్కోవడం. బీకరులో నీళ్లు పోసి, బ్యూరెట్ నుంచి ఎస్‌డీఎస్ ద్రావణం కొద్దికొద్దిగా వదులుతూ వాహకత (కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో) రాసుకోవాలి. మిసెల్‌లు ఏర్పడేదాకా గీత నిటారుగా లేస్తుంది. ఏర్పడ్డాక సోడియం అయాన్లలో చాలా భాగం వాటి చుట్టూ అతుక్కుపోతుంది కాబట్టి వాలు తగ్గుతుంది. గీత విరిగిన చోటే జవాబు.

నిన్న గీత రాలేదు, పాలు వచ్చాయి. ఎస్‌డీఎస్ పడగానే బీకరు తెల్లగా మారింది. మీటరు చూస్తే ఒట్టి నీళ్లకే 1400 మైక్రోసీమెన్స్ చూపిస్తోంది. స్వేదనజలం డబ్బాలో ఉన్నది బోరు నీళ్లు! యంత్రంలో కాయిల్ కాలిపోయి వారమైందట, డబ్బా ఖాళీగా ఉంటే బాగుండదని అటెండరు బాబాయి నింపి పెట్టారు. ఆయన శ్రద్ధను తప్పుపట్టలేం. ఆ నీళ్లలోని కాల్షియం డోడెసైల్ సల్ఫేట్‌ను పట్టుకుని తెల్లని పొడిగా దింపేసింది. బోరు నీళ్లలో బట్టల సబ్బు విరిగిపోయి నురగ రాకపోవడానికి కూడా ఇదే కారణం.

ఈరోజు అసలైన స్వేదనజలం తెప్పించి మళ్లీ చేశాం. గీత 8.3 మిల్లీమోలార్ దగ్గర విరిగింది. ఎస్‌డీఎస్‌కు 25 డిగ్రీల వద్ద అందరూ చెప్పే విలువ సుమారు 8. మా గది 29 డిగ్రీలు, మా బ్యూరెట్ పాతది. ఈ మాత్రం తేడాకు నేను పిల్లలను సతాయించను.

ఒక హెచ్చరిక కూడా రాసి పెడుతున్నాను. ఎస్‌డీఎస్ పొడి తూచేటప్పుడు ఫ్యాను ఆపండి. అబ్బాయి ఆపలేదు. పావుగంట ముగ్గురమూ దగ్గుతూనే ఉన్నాం.

డిసెంబరు 4

కొమ్ములు దంచి, మిథనాల్‌లో నానబెట్టి, వడకట్టి రంగు తీశాం. ఇందులో కర్క్యుమిన్ ఒక్కటే కాదు, దాని తోబుట్టువులు మరో రెండు ఉంటాయి. డిగ్రీ ప్రాజెక్టుకు ఫర్వాలేదు. నాలుగు సీసాలు: ఒట్టి నీళ్లు, ఎస్‌డీఎస్, సీటాబ్, ట్వీన్. సీసాకు 10 మిల్లీలీటర్లు, అందులో 50 మైక్రోలీటర్ల రంగు. అంతకు మించి వేయవద్దని గట్టిగా చెప్పాను. మిథనాల్ కూడా మిసెల్‌లను కదిలిస్తుంది కాబట్టి దాని వాటా ఒక శాతం లోపే ఉండాలి.

గంట తర్వాత చూస్తే ఒట్టి నీళ్ల సీసా మసకగా ఉంది, వడకడితే రంగంతా కాగితం మీదే ఉండిపోయింది. మిగతా మూడు సీసాలూ తేటగా, లేత నిమ్మపండు రంగులో ఉన్నాయి. వడకట్టినా రంగు కిందికి దిగింది. అమ్మాయి ఆ నాలుగు సీసాలను కిటికీలో వరుసగా పెట్టి ఫోటో తీసి ఇంటికి పంపింది. "ఇంత కష్టపడి పసుపు నీళ్లే చేశారా?" అని వాళ్ల నాన్నగారు అడిగారట.

ఇక్కడే ఆగి ఒక లెక్క చేయించాను. నా దృష్టిలో ఈ రోజుకంతటికీ విలువైన పని ఇదే. మా ఎస్‌డీఎస్ 20 మిల్లీమోలార్. అందులో 8 విడి అణువులుగానే ఉంటుంది, మిసెల్‌లు కట్టేది మిగిలిన 12. ఒక్కో మిసెల్‌లో సుమారు 62 అణువులు. 12ను 62తో భాగిస్తే 0.19 మిల్లీమోలార్ మిసెల్‌లు. మేం వేసిన రంగు సుమారు 0.02 మిల్లీమోలార్. అంటే పది ఇళ్లున్న వీధికి వచ్చిన చుట్టం ఒక్కడు! తొమ్మిది ఇళ్లు ఖాళీ.

తర్వాత ఇంటి కొలతలు. ఎస్‌డీఎస్ తోకను పూర్తిగా చాపితే 1.7 నానోమీటర్లు, కాబట్టి మిసెల్ లోపలి గుండు వ్యాసార్ధం అంతకు మించదు. కర్క్యుమిన్ పొడవు కూడా దాదాపు అంతే, కొంచెం ఎక్కువే. పైగా దాని రెండు చివరలా నీటిని ఇష్టపడే హైడ్రాక్సిల్ సమూహాలు, నడుమ కీటో-ఈనాల్ భాగం. "అయితే మధ్యలో ఎలా పడుతుంది మేడమ్? కాళ్లు బయటికి వస్తాయి కదా" అన్నాడు అబ్బాయి. వాడు ఈ నెలలో అన్న మంచి మాట ఇదే. మధ్యలో పట్టదు. తలలకు కాస్త దిగువన, తోకలు మొదలయ్యే చోట, గడపకూ నట్టింటికీ నడుమ సర్దుకుంటుంది. హెక్సేన్ లాంటి ఒట్టి నూనె జాతి అణువైతే నేరుగా నట్టింట్లోకి పోతుంది.

పుస్తకాల్లో మిసెల్‌ను గుండుసూదులు గుచ్చిన నిమ్మకాయలా గీస్తారు. అలాంటి క్రమశిక్షణ అక్కడేమీ ఉండదు. తోకలు వంగి, మెలికపడి ఉంటాయి. కొన్ని తలల దగ్గరికే వచ్చి తొంగిచూస్తుంటాయి. నీళ్లు పైపొరలోకి చొరబడతాయి. ఒక్కో సబ్బు అణువు మైక్రోసెకన్లలో బయటికి పోయి ఇంకొకటి లోపలికి వస్తుంది. ఇల్లు అంటున్నాను కానీ నిజానికి అది ప్లాట్‌ఫారం మీద గుమిగూడిన జనం.

డిసెంబరు 11

మిసెల్‌లో ఉన్న పసుపు క్షారంలో ఏమవుతుందో చూసే పరీక్షకు సరంజామా సిద్ధం చేయమన్నాను. సోడియం హైడ్రాక్సైడ్ గుళికలు తేమకు ముద్దకట్టాయని పిల్లలు పొటాషియం హైడ్రాక్సైడ్ తీశారు. రెండూ క్షారాలే కదా అని. ఎస్‌డీఎస్ సీసా క్షణంలో పెరుగైంది. పొటాషియం డోడెసైల్ సల్ఫేట్‌కు నీళ్లలో కరిగే గుణం బాగా తక్కువ. బాక్టీరియా నుంచి ప్లాస్మిడ్ డీఎన్‌ఏ వేరుచేసేవాళ్లు పొటాషియం ఎసిటేట్ పోసినప్పుడు తెల్లని ముద్ద దిగడానికి ఒక కారణం ఇదే. మాకు మాత్రం ఒక రోజు పోయింది. ముద్దకట్టిన గుళికలనే పగలగొట్టి వాడుకున్నాం.

డిసెంబరు 16

నిన్నటి పరీక్షలో నేను ఓడిపోయాను. సంతోషంగానే రాస్తున్నాను.

పసుపు క్షారంలో ఎర్రబడుతుంది. అమ్మాయి వాళ్లమ్మగారి పళ్లెంలో సున్నం చేసే పని ఇదే. కానీ ఆ ఎరుపు నిలవదు. హైడ్రాక్సైడ్ దాడికి కర్క్యుమిన్ నడుమకు విరిగి ఫెరూలిక్ ఆమ్లం, వెనిలిన్ లాంటి ముక్కలవుతుంది. మిసెల్ ఈ దాడిని ఆపుతుందా, పెంచుతుందా?

పరీక్షకు ముందే పందెం వేసుకున్నాం. సీటాబ్‌లో పసుపు త్వరగా చస్తుందని నేను. కారణం ఉంది: సీటాబ్ మిసెల్ పైపొర ధనావేశంతో నిండి ఉంటుంది కాబట్టి రుణావేశపు హైడ్రాక్సైడ్‌ను చుట్టూ పోగేసుకుంటుంది. క్రిస్టల్ వయొలెట్ అద్దకంతో ఈ సంగతి చాలాకాలంగా తెలిసినదే. సీటాబ్‌లో ఆ ఊదా రంగు క్షారానికి గబగబా వెలిసిపోతుంది, ఎస్‌డీఎస్‌లో నిలబడుతుంది. పసుపుకూ అదే గతి అనుకున్నాను. అబ్బాయి నా పక్షం. "మా పసుపు అంత తేలిగ్గా పోదు మేడమ్" అని అమ్మాయి ఎదురు నిలిచింది. అది రసాయన శాస్త్రం కాదు, ఊరి అభిమానం.

ట్వీన్‌ను పక్కన పెట్టాం. దానిలో ఎస్టర్ బంధం ఉంది, ఇంత క్షారంలో అదే విరుగుతుంది. మిగిలినవి మూడు సీసాలు: నీళ్లు, 20 మిల్లీమోలార్ ఎస్‌డీఎస్, 10 మిల్లీమోలార్ సీటాబ్. మూడింటిలో సోడియం హైడ్రాక్సైడ్ 0.1 మోలార్, పీహెచ్ 13. ఉదయం పది దాటాక రంగు వేశాం. మూడూ ఒకేసారి ఎర్రబడ్డాయి. సీటాబ్ సీసా ఎరుపులో కాస్త ముదురు, మందారం ఛాయ. పక్కనే ఇంకో మూడు సీసాల్లో క్రిస్టల్ వయొలెట్.

వయొలెట్ సంగతి చదువుకున్నట్టే జరిగింది. సీటాబ్ సీసా మేం మూత బిగించేలోపే వెలవెలబోయింది, నీళ్ల సీసా ఆ వెనుకే. ఎస్‌డీఎస్ సీసా మాత్రం భోజనాలయ్యాక కూడా ఊదాగానే ఉంది. "చూశారా" అన్నట్టు నేను పిల్లల వైపు చూశాను. తొందరపడ్డాను.

సాయంత్రం ఇంటికి వెళ్లేముందు పసుపు సీసాలను తెల్ల కాగితం ముందు పెట్టి చూశాం. నీళ్ల సీసాలో ఎరుపు పలచబడి గోధుమ రంగులోకి దిగుతోంది. ఎస్‌డీఎస్ సీసాదీ అదే దారి. సీటాబ్ సీసా కదల్లేదు. ఈ ఉదయం తాళం తీసి లోపలికి వెళ్లగానే, దీపం వేయకముందే కనిపించింది. రెండు సీసాలు పాత టీ డికాక్షన్ నీళ్లలా పాలిపోయి ఉన్నాయి, మూడోది నిన్నటి మందారమే. కలరిమీటరులో 470 ఫిల్టరు పెట్టి చూసినా, సీటాబ్ సీసా నిన్నటి అంకెకు దాదాపు అక్కడే ఉంది.

ఒకే సీటాబ్ ఒక అణువును పట్టిచ్చింది, ఇంకొకదాన్ని కాపాడింది. ఎస్‌డీఎస్ సరిగ్గా దీనికి తిరగేసి చేసింది. నల్లబల్ల మీద రెండు బొమ్మలు గీసి అరగంట వాదించుకున్నాం. పీహెచ్ 13లో కర్క్యుమిన్ ప్రోటాన్లు వదిలేసి రుణావేశం తెచ్చుకుంటుంది. ఎస్‌డీఎస్ మిసెల్ కూడా రుణావేశమే కాబట్టి దానిని గడప తొక్కనివ్వదు. అది నీళ్లలోనే ఉండి హైడ్రాక్సైడ్ చేతికి చిక్కుతుంది. సీటాబ్ దానిని రెండు విధాలా లాగుతుంది: ఆవేశం తల వైపుకు, కార్బన్ వలయాలు తోకల వైపుకు. అలా లోపలికి ఒదిగాక విరగవలసిన నడుము భాగానికి నీళ్లు, హైడ్రాక్సైడ్ అందవు. వయొలెట్ సంగతి వేరు. అది ధనావేశపు అద్దకం, సీటాబ్‌కు అతుక్కున్నా పైపొర అంచునే ఉంటుంది. హైడ్రాక్సైడ్ గుమిగూడేదీ అక్కడే.

చుట్టం ఏ గదిలో ఉన్నాడో తెలియకుండా ఇల్లు మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పబోయాను. పందెం బాకీ తీర్చాను: శంకర్ విలాస్ సెంటర్‌లో ముగ్గురికీ టిఫిన్లు.

డిసెంబరు 23

పరీక్షల వల్ల పని లేదు. పిల్లలకు చెప్పిన ఒక కథ ఇక్కడ రాసుకుంటున్నాను. సబ్బు నీళ్లలో అణువులు గుంపు కడతాయని 1913లో ప్రతిపాదించినవాడు జేమ్స్ విలియం మెక్‌బెయిన్. అప్పట్లో పెద్దలకు ఆ మాట మింగుడుపడలేదు. మిసెల్ గుండ్రంగా ఉంటుందనే బొమ్మను 1936లో హార్ట్లీ బలంగా నిలబెట్టాడు. ఆ మెక్‌బెయిన్‌గారే తర్వాత మన పుణేకు వచ్చి జాతీయ రసాయన ప్రయోగశాలకు తొలి డైరెక్టరయ్యారు. ఈ సంగతి మా పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంగానైనా ఉంటే బాగుండేది.

జనవరి 20

సంక్రాంతి సెలవుల తర్వాత ల్యాబు తెరిచాం. గది థర్మామీటరు 21 డిగ్రీలు. సీటాబ్ సీసాల అడుగున తెల్లని సూదుల్లాంటి స్ఫటికాలు. "చెడిపోయింది మేడమ్, పారబోస్తాను" అని అబ్బాయి సీసా పట్టుకుని సింకు వైపు నడిచాడు. ఆపాను. చెడిపోలేదు, చలి చేసింది.

ప్రతి అయానిక సర్ఫ్యాక్టెంటుకూ, అంటే తలకు ఆవేశం ఉన్న సబ్బు జాతి పదార్థానికి, క్రాఫ్ట్ ఉష్ణోగ్రత అని ఒక హద్దు ఉంటుంది. దానికి దిగువన మిసెల్‌లు కట్టేంతగా అది నీళ్లలో కరగదు. సీటాబ్‌కు ఆ హద్దు సుమారు 25 డిగ్రీలు. మన ఊళ్లో ఏడాదిలో పదినెలలు ఈ సంగతి ఎవరికీ తెలియదు, పుష్యమాసంలో బయటపడుతుంది. క్షారం కలపని పసుపు-సీటాబ్ సీసా ఒకటి ఉండిపోయింది. దానిలో రంగు కూడా స్ఫటికాలతో పాటే అడుగుకు చేరింది, పైన నీళ్లు దాదాపు తేట. ఇల్లు కూలితే చుట్టం వీధిన పడ్డాడు. సీసాను గోరువెచ్చని నీళ్ల బేసిన్‌లో నిలబెడితే పది నిమిషాల్లో స్ఫటికాలు కరిగి పసుపు తిరిగి పైకి పాకింది. అమ్మాయి ఆ పది నిమిషాలూ కుర్చీ లాక్కుని కూర్చుని చూసింది.

జనవరి 27

ఇప్పటిదాకా ఇల్లు చుట్టాన్ని ఏం చేస్తుందో చూశాం. ఇప్పుడు తిరగేశాం. ముందు చిన్నదానితో మొదలు: ఎస్‌డీఎస్‌లో కాస్త బ్యూటనాల్ కలిపి వాహకత గీత మళ్లీ గీస్తే, విరుపు 8 నుంచి 6 దగ్గరికి జరిగింది. బ్యూటనాల్ తలల మధ్య దూరి, వాటి మధ్య వికర్షణను పలచబరుస్తుంది, గుంపు కట్టడం తేలికవుతుంది. అంకెల్లో తెలిసే మార్పు ఇది. కంటికి కనిపించే మార్పు కావాలని పిల్లలు.

అందుకని సోడియం సాలిసిలేట్ తీశాను. 50 మిల్లీమోలార్ సీటాబ్ ఒక ఫ్లాస్కులో, అంతే గాఢతలో సాలిసిలేట్ ఇంకో బీకరులో. రెండూ నీళ్లలాగే పలచన, రెండూ తేట. బీకరు ఫ్లాస్కులోకి వంచి ఒకసారి గిర్రున తిప్పి ఇమ్మన్నాను. అబ్బాయి తిప్పాడు. లోపల చిక్కుకున్న గాలిబుడగలు ఫ్లాస్కుతో పాటు కుడికి తిరిగాయి. చెయ్యి ఆపగానే అవి కూడా ఆగి, ఎడమకు వెనక్కి నడిచాయి. వాడు ఉలిక్కిపడి ఫ్లాస్కును బల్ల మీద పెట్టేశాడు. మళ్లీ ఎత్తి మళ్లీ తిప్పాడు. ఆ తర్వాత గంటసేపు ఆ ఫ్లాస్కు ఎవరి చేతుల్లోనూ ఆగలేదు, పక్క గదిలోని భౌతికశాస్త్రం వాళ్లు కూడా వచ్చి తిప్పి వెళ్లారు.

జరిగింది ఇది. సాలిసిలేట్ అణువుకు బెంజీన్ వలయం ఒకవైపు, రుణావేశపు కార్బాక్సిలేట్ మరోవైపు. వలయం సీటాబ్ తలల సందుల్లోకి దూరుతుంది, కార్బాక్సిలేట్ నీటివైపు ముఖం పెట్టి తలల ధనావేశాన్ని చల్లారుస్తుంది. ఒకరినొకరు నెట్టుకుంటూ దూరంగా నిలబడిన తలలు దగ్గరికి జరుగుతాయి. తలలకు తక్కువ చోటు చాలినప్పుడు ఇక గుండ్రని ఆకారం కుదరదు. మిసెల్ పొడవుగా సాగి తాడవుతుంది. కొన్ని నానోమీటర్ల మందం, వందల నానోమీటర్లూ అంతకు మించీ పొడవు. ఆ తాళ్లు ఒకదానితో ఒకటి చిక్కుపడి నీళ్లను బంకగా మారుస్తాయి. సేమియా ఉడికాక గిన్నెలో అంతా కలిసి కదులుతుందే, అలాగ. అయితే సేమియాకు లేని గుణం వీటికి ఉంది. ఇవి తెగుతూ మళ్లీ అతుక్కుంటూ ఉంటాయి.

ఫ్లాస్కు కడగడానికి తీసుకువెళ్లిన బాబాయి అయిదు నిమిషాల్లో తిరిగొచ్చారు. "అమ్మా, ఇది పోస్తుంటే మళ్లీ లోపలికే పోతోంది. ఏం కలిపారు ఇందులో?"

ఫిబ్రవరి 3

అబ్బాయి నిన్న రాత్రి ఫోను చేసి అడిగాడు: సాలిసిలేట్‌లో హైడ్రాక్సిల్ కార్బాక్సిలేట్ పక్కనే ఉంది కదా, ఎదురుగా ఉంటే? అడగవలసిన ప్రశ్న. పారా-హైడ్రాక్సీబెంజోయిక్ ఆమ్లం స్టోరులో ఉంది. సరిపడా సోడియం హైడ్రాక్సైడ్‌తో తటస్థం చేసి, అదే గాఢత, అదే సీటాబ్. కలిపాం. తిప్పాం. బుడగలు వెనక్కి రాలేదు. నీళ్లలాగే పోసుకోవచ్చు.

అణుభారం ఒకటే, పరమాణువులు అవే, ఒక్క సమూహం చోటు మారింది. సాలిసిలేట్‌లో నీటిని కోరుకునే రెండు సమూహాలూ ఒకే వైపున ఉండి నీటికి ముఖం పెట్టగలవు, వలయం మిగతా అంచు నిశ్చింతగా తోకల్లోకి దిగుతుంది. పారా అణువులో ఒకటి పైకి లాగితే ఇంకొకటి కింద నుంచి పైకి రావాలంటుంది. లోతుగా కూర్చోలేదు, తలలను దగ్గరికి చేర్చలేదు.

ఆఖరికి హెక్సేన్. మొదట అమ్మాయి ఇంటి నుంచి తెచ్చిన వేరుశనగ నూనె నాలుగు చుక్కలు బంకలో వేసింది. నూనె పైన తేలి కూర్చుంది, బంక బంకగానే ఉంది. నూనె అణువు మూడు పొడవాటి గొలుసుల బరువుతో ఉంటుంది, ఆ సందుల్లోకి అంత తేలిగ్గా దూరదు. ఇంకో ఫ్లాస్కులో కిటికీలు తెరిచి, దీపాలూ స్టవ్‌లూ లేవని చూసుకుని, హెక్సేన్ కొద్దిగా వేసి మూత బిగించి ఊపాం. అయిదారు నిమిషాలకు బుడగలు వెనక్కి నడవడం మానేశాయి. ఇంకాస్త ఊపాక అంతా పలచబడి గలగలమంది. హెక్సేన్ నేరుగా తాళ్ల నట్టింట్లోకి చేరి వాటిని ఉబ్బించింది. ఉబ్బిన తాడు తాడుగా ఉండలేక తిరిగి గుండ్రని బొట్లుగా విడిపోయింది. చమురు బావుల్లో రాతిపొరలు చీల్చడానికి ఇలాంటి బంకలనే పంపుతారు. లోపల చమురు తగలగానే అవి వాటంతటవే పలచబడి బయటికి వచ్చేస్తాయి.

బాబాయి గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. అబ్బాయి ఫ్లాస్కును వ్యర్థాల డబ్బాలోకి వంచితే చుక్క మిగలకుండా జారిపోయింది.

"అమ్మా, ఆ మందు ఒక సీసా నాకు పక్కన పెట్టండి" అన్నారాయన. "పోయిన వారం బంక ఫ్లాస్కులు మూడు ఇంకా సింకులోనే ఉన్నాయి."

హెక్సేన్ సింకులో పోయకూడదని చెప్పాను. గోరువెచ్చని నీళ్లు చాలా ఎక్కువగా పోసి కడిగితే గాఢత తగ్గి అవే విడిపోతాయని కూడా. ఆయన నమ్మినట్టు లేరు. బకెట్ తీసుకుని వెళ్లారు.